అడుగు పెట్టె

కావలసిన పెట్టె ఎప్పుడూ అడుగునే ఉంటుంది.
ఈ మాట మ్వాకియోది.
మొంబాసాలో, కిలిండిని రేవులో,
గాజుగదిలో వంగి ఇరవై రెండేళ్లు కిందికే చూసి
మెడ ఇక పైకి లేవనివాడు.

ఒక్క పెట్టె కోసం మూడు ఎత్తాలి.
ఆ మూడింటినీ ఎక్కడో దించాలి.
దించినచోట అవి ఇంకెవరి నెత్తినో కూర్చుంటాయి.
డీజిల్ కాలుతుంది, హారన్ మోగుతుంది,
చెమట కూడా నిజంగానే పడుతుంది.
సరుకు మాత్రం గేటు దాటదు.

నేను ఉమాజిని. యార్డు ప్లానర్ని.
నా తెర మీద రేవంతా రంగు గళ్లు:
టీ పొడి ఆకుపచ్చ, ఎరువు ఊదా,
ఎవరివో తెలియని పాత టైర్లు బూడిదరంగు.
కంప్యూటర్‌కి ఖాళీ కనిపిస్తే చాలు,
ఎల్లుండి వెళ్ళేదాని మీద
వచ్చే నెల వెళ్ళేదాన్ని నిశ్చింతగా పెట్టేస్తుంది.
రేపు అనేది ఒకటుందని దానికి ఎవరూ చెప్పలేదు.

బరువైనది కింద ఉండాలి, అది శాస్త్రం.
ముందు వెళ్ళేది పైన ఉండాలి, అది మర్యాద.
రెండూ కలిసొచ్చే రోజు తక్కువ.

మీటింగులో అందరూ ఇంకో క్రేన్ కొందామన్నారు.
నాకు మా అమ్మమ్మ భోషాణం గుర్తొచ్చింది.
పెళ్లి పిలుపు రాగానే కంగా బట్టలన్నీ మంచం మీద గుట్టపోసేది,
అడుగున ఉన్న ఎర్రంచు జత కోసం.
ఆ ఏడు మూడో పెళ్లికి విసుగొచ్చి
ముందు రాత్రే దాన్ని పైకి తీసి పెట్టుకుంది.
అంతే.
ఆమె బడి మొహం చూడలేదు.

అందుకని రాత్రి ఒంటిగంటకి,
ఓడ లేని వేళ, క్రేన్లు చేతులు కట్టుకుని నిలబడే వేళ,
రేపటి లారీల జాబితా పట్టుకుని
మ్వాకియో, నేను మొదలుపెట్టాం.
పొద్దున ఆరింటికి కంపాలా వెళ్ళేది పైకి.
పదింటి కిగాలీది దాని కింద.
కస్టమ్స్‌లో చిక్కుకున్న టైర్లు మూలకి, అన్నిటికన్నా అడుగుకి.
గాలిని మోయకండి అన్నాను ట్రాక్టర్ల వాళ్లతో,
పెట్టె తెచ్చినవాడు పెట్టెతోనే తిరిగి వెళ్ళాలి.
మొదటివారం తిట్టారు.
రెండోవారం తప్పు నాదే: ఒక వరస మొత్తం తలకిందులుగా రాశాను,
తెల్లారేసరికి గేటు బయట రెండు మైళ్ల లారీలు.
ఆ రోజు ముద్ద దిగలేదు.

ఐదోవారానికి
గంటకి ఇరవై ఒకటి ఎత్తేచోట ఇరవై ఎనిమిది.
తొమ్మిది గంటలు పడిగాపులు కాసే సెరుంజోగి,
కంపాలా డ్రైవరు,
యాభై నిమిషాల్లో బయటపడి
నమ్మలేక కాగితాలు రెండుసార్లు చూసుకున్నాడట.

ఆ ఎనిమిది గంటలూ ఎక్కడికి పోయాయి?
నివేదికలో గీత పైకి లేచింది, అక్కడ కొంత.
సెరుంజోగి కూతురికి జ్వరమట, అటు కొంత పోయి ఉంటుంది.
మిగతావి నాకు గేటు దగ్గర దొరికాయి,
మామా కిబిబి బుట్టలో,
కొబ్బరిపాలు, యాలకులు వేసిన మహామ్రీలుగా,
అమ్ముడుపోకుండా.

"లారీలు ఆగట్లేదు" అంది.
నిష్ఠూరం కాదు, వాన పడట్లేదన్నట్టు అంది.
"ఇంజను ఆపితే కదా వాళ్లకి ఆకలి తెలిసేది."
ఇదివరకు మధ్యాహ్నానికి రెండు బుట్టలు ఖాళీ.
నా తెర మీద ఈమెకి గడి లేదు.
ఉన్నా ఏ రంగు వెయ్యాలో తెలియదు.

నాలుగు ఇమ్మన్నాను.
పైనున్నవి తీసి పక్కన పెట్టింది,
ఒకటి, రెండు, మూడు, ఇంకో రెండు,
ఒడిలో కొన్ని, మూత మీద కొన్ని,
చెయ్యి మోచేతి దాకా దించి
లోపల వెతుకుతోంది.

"పైవే ఇవ్వు మామా, ఆలస్యమవుతోంది."

"ఉండమ్మా. వేడివి అడుగున ఉన్నాయి."

వెనక ఎవరిదో హారన్.
నా షిఫ్టు మొదలై ఆరు నిమిషాలైంది.
నిలబడ్డాను.