బానెట్ మీది లెక్క

హుఫూఫ్‌ల సాయంత్రం అయిదు.
ట్యూషన్ సెంటర్ ముంగట బండి ఆపిన.
మూడు రోజుల గాలిదుమారం,
తెల్ల బానెట్ మీద జల్లించిన పిండి లెక్క దుమ్ము.

నవాఫ్ లోపటికి పోతలేడు.
నిన్న సారు తిట్టిండట.
"బోశెత్తీ, నీకు లెక్కలొస్తయా?"
'ప' పలకని ఇంట్ల ఆరేండ్ల సంది
పోశెట్టి పేరు అదే.

వస్తయంటే నవ్వుతడని
నోరు మెదపక దుమ్ముల వేలు పెట్టిన.
మెట్‌పల్లిల డిగ్రీ చదివిన,
ఒక్క పేపరు ఆగింది.

వాడు కుడి నుంచి రాసిండు:
సీన్‌ల రెండు పోంగ, దాని నెత్తిన అయిదు.
అండ్లకెళ్లి తీసెయ్యాలె
సీన్‌కు రెండు కలిపి, దాని నెత్తిన మూడు.

నేను అలవాటుగ ఎడమ నుంచి చదివిన.
మూడు ముందటికొచ్చింది, అయిదు ఎనుక పడ్డది.
కూడికైతే ఎటు నుంచి నడిచినా ఇల్లు చేరుతం.
తీసివేతకు తలుపు ఒక్కటే.
"యమీన్, బోశెత్తీ, యమీన్!"
నా మణికట్టు పట్టి కుడి దిక్కు జరిపిండు.

అయిదుల మూడు పోతే రెండు
అని రాసినందుకే నిన్నటి తిట్లు.
డాష్‌బోర్డుల రెండు ఖుబూస్‌లుంటే తీసిన.
ఒకటి నాలుగు తునకలు చేసిన, ఇంకోటి ఆరు.
ఇందులదొకటి, అందులదొకటి
పక్కపక్కన పెట్టి చూడు, సమానమా?
ముందు రెండిటినీ పన్నెండు చెయ్యి.
మూడుల రెండు పాయె, ఒక్కటి మిగిలె.
మిగిలింది వాడు తిన్నడు.

ఇగ సీన్‌ల సంగతి.
దీనికి లేనిది దాని దగ్గర,
దానికి లేనిది దీని దగ్గర.
కింద ఎంత పెడితే పైన అంతే పెట్టాలె,
అట్లయితేనే పెట్టినా మారనట్టు.

వాడు గబగబ గీకిండు.
పైన రెండు సీన్‌లు, నాలుగు.
కింద దానితోని కొట్టేసి
సీన్‌ల రెండు పోంగ, నెత్తిన ఉట్టి రెండు!
చప్పట్లు కొట్టుకున్నడు.
అంత ముద్దుగున్న జవాబును
తప్పనడానికి నాకే పాణం ఒప్పలేదు.

బ్రాకెట్ బయట నిలబడ్డ మైనస్
మూడు సీన్‌లనే ముట్టుకుంటదా బిడ్డా?
లోపట మూలకు మైనస్ ఆరు కూసున్నది.
దానికీ తగలాలె, తగిలితే అది ప్లస్సు.
పదీ ఆరూ పదహారు.
రెండు సీన్‌లు, పదహారు,
కింద సీన్ వర్గంల నాలుగు పోంగ.
ఇంకేదీ కొట్టుడు పోదు.

"గింత వంకరనా?"
"గింతే."
నా ఆఖరి పేపరు గూడ
గట్లనే ముద్దుగ పోయింది. అది వానికి చెప్పలే.

వాడు పుస్తకం చంకల పెట్టి లోపటికి ఉరికిండు.
ఇంతల బాబా ఫోను:
రాత్రి దమ్మామ్ పోవాలె, బండి కడుగు.
డిక్కీలకెళ్లి బకెట్ తీసిన.
సీన్‌లు, గీతలు, పదహారు,
వాని వేలు, నా వేలు కలిసిన చోటు.
తడిగుడ్డ ఎడమకు పోయి ఆగింది.
కుడి నుంచి మొదలు పెట్టిన,
తీసివేత గదా.