కొసరు పేరు

మా ఊరు స్కాట్లండ్‌కి ఉత్తరపు అంచు.
ఆపైన నీళ్ళే.
ఇక్కడ సగం మంది మేర్‌లు,
మిగతా సగం మేర్‌లను పెళ్ళాడినవాళ్ళు.
ఒకే రేవులో నలుగురు గిల్బర్ట్ మేర్‌లు పడవెక్కితే
కూలి ఎవరి చేతిలో పెట్టాలో
శవాన్ని ఏ గుమ్మానికి మోయాలో తెలియక
పేరు మీద ఇంకో పేరు వేశారు పాతవాళ్ళు:
డోసీ, షానీ, బకెట్, నిద్రమొహం.
తూకమయ్యాక కొట్టువాడు ఓ గుప్పెడు వేసినట్టు.
ఆ గుప్పెడు గింజల్లోనే నేను
రాళ్ళేరుతుంటాను.

నేను ఐలీన్ పిరీని. ముప్ఫయ్యొక్కేళ్ళు పోస్టాఫీసులో
ఉత్తరాలను సరైన ఇంటికి చేర్చాను.
ఇప్పుడు పోయినవాళ్ళను చేరుస్తున్నాను.
జీతం లేదు. ఫిర్యాదులూ తక్కువే.

సోమవారం లైబ్రరీలో మైక్రోఫిల్మ్ యంత్రానికి
నాలాగే నడుం పట్టేసింది.
ఇద్దరం మూలుగుతూ పద్దెనిమిది వందల డెబ్భైల దాకా వెళ్ళి
ఖాళీ చేతులతో తిరిగొచ్చాం.

రాత్రిళ్ళు ఇంట్లో చావుల రిజిస్టరు ఎక్కిస్తాను,
ఎవరికైనా పనికొస్తుందని.
రేవు వీధి, ఒకే ఫిబ్రవరి.
తట్టు. తట్టు. తట్టు. మళ్ళీ తట్టు.
తొమ్మిదో వరుసలో పేరు లేదు:
మగబిడ్డ, వయసు మూడు గంటలు.
పేరు గడి ఖాళీగా వదిలితే కంప్యూటర్ ఒప్పుకోదు,
ఎర్రగా అరుస్తుంది.
పేరు కల్పించడానికి నాకు చెయ్యి రాదు.
పంతం పట్టి ఎదురుగా కూచున్నాను.
టీ చల్లారింది. ఇంకా తేలలేదు.

బుధవారం చర్చి వెనక సమాధుల దగ్గర
మెత్తటి బ్రష్షూ, బకెట్ నీళ్ళూ, కాలమ్ అనే కుర్రాడూ.
బడిలో ఇచ్చే పతకం కోసం వచ్చాడు వాడు.
నాచు తీస్తూ తీస్తూ అడిగాడు:
"ఈవిడకి రెండు ఇంటిపేర్లేంటి?"
ఇక్కడ ఆడదానికి పుట్టింటి పేరు
రాతి మీదైనా తిరిగొస్తుందిరా అన్నాను.
వాడు వాళ్ళమ్మ పుట్టింటి పేరేమిటో ఆలోచిస్తూ
చాలాసేపు ఒకే అక్షరాన్ని తోమాడు.

గురువారం పాత చేతిరాతల క్లాసు.
చెప్పే పిల్లకి నా వయసులో సగం ఉండదు.
తెర మీద మా చర్చి గుమాస్తా రాత చూపించి,
"ఈయన 'డి' తోక వెనక్కి విసురుతాడు,
చూసి 'ఎస్' అనుకునేరు, జాగ్రత్త" అంది.
అందరూ రాసుకున్నారు.
నా పెన్ను కదల్లేదు.
పద్నాలుగేళ్ళ క్రితం
నేను అనుకున్నాను.

వాలెస్ మేర్‌కి ఎనభై మూడు.
ఆయన ముత్తాత షానీ అని,
హెర్రింగ్ వేటలో గాలివాన రాత్రి మునిగాడని
నా చేత్తో నేనే చెట్టు గీసిచ్చాను.
అది ఆయన వంటింటి గోడకి ఫ్రేములో ఉంది.
ఏటా ఆగస్టులో రేవు చివర
ఊదా పూల కొమ్మ వదులుతాడు.
శుక్రవారమంతా కాగితం తిరగేసీ మరగేసీ చూశాను.
అసలు ముత్తాత డోసీ.
ఉప్పు బస్తాల వ్యాపారం, మెడదాకా అప్పులు,
డెబ్భై తొమ్మిదేళ్ళకి మంచంలో, గురకలో పోయాడు.

ఫోనులో చెప్పే మాట కాదు. శనివారం బస్సెక్కాను.
ఆయన విన్నాడు. బిస్కెట్ టీలో ముంచి మర్చిపోయాడు,
అది విరిగి అడుక్కి దిగింది.
"డోసీ," అన్నాడు నోరు తిప్పి చూసుకుంటూ.
"నా గురక అక్కడిదన్నమాట."
తర్వాత, కిటికీ వైపు చూసి,
"మరి ఆ మునిగినవాడికి ఎవరున్నారు?"

ఎవరూ లేరు. పెళ్ళి కాలేదు.
తల్లి ముందే పోయింది.

"అయితే ఇప్పుడెలా మానేస్తానమ్మా"
అన్నాడు వాలెస్, స్పూనుతో బిస్కెట్ కోసం వెతుకుతూ.

ఆదివారం వాన. కొత్త కాగితం పరిచాను.
డోసీ నుంచి కిందికి గీతలన్నీ సరిగ్గా దిగాయి.
పక్కన, దేనికీ అంటకుండా, షానీ.
వాలెస్‌కీ అతనికీ మధ్య ఏ గుర్తు పెట్టాలో
నేను నేర్చుకున్న ఏ పద్ధతిలోనూ లేదు.
పెళ్ళికి రెండు గీతలు, దత్తతకి చుక్కలు,
అనుమానానికి ప్రశ్న.
పెన్సిల్ మొన చెక్కి
చిన్నగా రాశాను:
కొసరు.