నలభై ఒకటో ప్లాటు

గేటు దగ్గర బోర్డు మీద
వీధుల పేర్లన్నీ రాళ్లవే:
పగడం, కెంపు, వైడూర్యం.
మేం తవ్విన రాయి పేరు ఎక్కడా లేదు.

సైదాపురం రోడ్డు మీంచి చూస్తే
ముప్పై అడుగుల దారులు, దారం పట్టి గీసినట్టు.
నాకట్టా కనపడవు.
క్లబ్ హవుసు కింద రెండో నెంబరు గని.
ఉయ్యాలలున్న చోట రేకుల షెడ్డు,
అందులో చెంగమ్మా, మస్తానమ్మా, ఇంకో నలభైమంది,
కొడవలి మొనతో కాకిబంగారం పొరలు విప్పతా
ఒకరి మీద ఒకరు పరాచికాలాడతా.
సాయంత్రం ఇంటికి పోతుంటే
వాళ్ల చీరలే మెరిసేవి, మెడలు కాదు.

పదహారేళ్లు పంపు డ్రైవర్ని.
భూమి కడుపులో నీళ్లు పైకి తోడాను.
ఇప్పుడు వాచ్‌మన్ని.
వానొస్తే అందరూ మబ్బు చూస్తారు,
నేను నేల చూస్తా.

నలభై ఒకటో ప్లాటు బ్యాంకు సారు
గోడకి నెర్రె ఎందుకొచ్చిందయ్యా అన్నాడు.
పూడ్చిన మట్టి గదా సార్, సర్దుకుంటాది అన్నా.
మస్తానమ్మ మొగుడు పోలయ్య
కింద ఇంకా సర్దుకోలేదని
చెప్పలా.

నిన్న ఆయన కూతురు
పూలకుండీలో ఒక రేకు ఏరుకొచ్చింది,
గోటితో ఒలుస్తా కూచుంది నా కుర్చీ పక్కన.
ఎన్ని పొరలుంటాయి తాతా?
తీసే ఓపికుండాలమ్మా.
పల్చటిది ఒకటి కంటికి అడ్డం పెట్టుకుని
నా వైపు తిరిగింది:
"తాతా, నువ్వు పొగలాగా ఉన్నావు."