అందింది అనే మాట

మూడు కంపెనీలు, మూడు ధరల పట్టికలు.
కిసుములో, బస్టాండు వెనక, రెండో అంతస్తులో
ఫ్యాను తిరగని గది.
నేనూ, ఒడెరో.

మేం రాసింది చిన్న ప్రోగ్రామే.
సరస్సు మీద గాలి లేచేముందు
పడవల వాళ్ల ఫోన్లకి ఒక మెసేజ్ పోవాలి.
పదకొండు వందల నలభై నంబర్లు.
గాలిని కొలిచేవాడు ఉన్నాడు, కోడ్ ఉంది,
మధ్యలో మాట మోసేవాడు కావాలి.

మొదటివాడి పేరు అందరి నోటా ఉంది.
అన్ని నోళ్లలో నాని నాని అంచులరిగి
లోపల ఏముందో తెలియకుండా పోయింది.
"ఇంతమంది వాడుతున్నారుగా" అంటాడు ఒడెరో.
ఇంతమంది వాడుతున్నారు కనకనే
మన పదకొండు వందల నలభై
వాడికి బస్తాలోంచి జారిన గింజలు.

రెండోవాడు చవక. మెసేజికి ముప్పై సెంట్లు.
వాడిచ్చిన నమూనా కోడ్ అతికించగానే పనిచేసింది.
నా ఫోన్ మోగింది, ఒడెరోది మోగింది,
కింద చపాతీలు కాల్చే కుర్రాడిదీ మోగింది.
టవరు నీడలో నిలబడి
టవరుని మెచ్చుకున్నాం.

సోమవారం ఒడెరోని పడవెక్కించాను.
న్దెరె దీవి దాటి, మూడు సిమ్ములతో,
కడుపు తిప్పుతుంటే ఫోన్లకేసి చూస్తూ కూర్చున్నాడు.
ఇక్కడ నా తెర మీద వరసగా పచ్చటి అక్షరాలు:
అందింది. అందింది. అందింది.
తొమ్మిది సార్లు.
సాయంత్రం తడిసిన చొక్కాతో వచ్చి చూపించాడు.
ఐదు.
మిగతా నాలుగింటికీ
ఏ టవరు వేలిముద్ర వేసి తీసుకుందో!
అందించాం వేరు, అందింది వేరు.
ఆ తేడాలో ఒక పడవ పడుతుంది.

తర్వాత ఫోన్లు పట్టుకున్నాను,
ఈ ముగ్గురినీ వాడినవాళ్లకి.
"బాగుందా" అని అడగలేదు,
"ఎప్పుడు చెడింది" అని అడిగాను.
"ఎప్పుడూ చెడలేదమ్మా" అన్నవాళ్లే ఎక్కువ.
చూసుకోలేదేమో అనుకుని గీత కొట్టేశాను.

ఎల్డొరెట్‌లో డయాలిసిస్ సెంటర్ నర్సు, జెలగట్,
మూడోవాడి గురించి చెప్పింది:
"ఓ రాత్రి రెండొందల మందికి పోలేదు.
మేం కనిపెట్టకముందే వాళ్లే ఫోన్ చేశారు,
తెల్లవారుజామున మూడున్నరకి.
ఎవరో కుర్రాడు, నిద్ర లేని గొంతు.
తప్పు మాదే, ఇదిగో జాబితా అన్నాడు.
ఆ జాబితా ముందేసుకుని
ఒక్కొక్కరికీ నేనే ఫోన్ చేశాను."
"కోపం రాలేదా?"
"వచ్చింది. ఇంకా ఉంది."
"మరి?"
"వాళ్లతోనే ఉన్నాం."

మూడోవాడిది తొంభై సెంట్లు.
వాడి డాక్యుమెంటేషన్లో సగం పాతబడింది,
ఒక ఉదాహరణ అసలు నడవదు.
ఒడెరో లెక్కల కాగితం నా ముందుకి తోసి
మాట్లాడకుండా టీ తాగాడు.

దుంగా రేవులో చేపలు తూచే మా పిన్ని న్యాగిలోకి
ఈ పేర్లేవీ తెలియవు.
"మెసేజ్ కింద ఎవరి పేరుంటుంది?" అంది
ముడ్డూస బుట్ట మీద ఈగల్ని తోలుతూ.
నాదే, అన్నాను. అపోండి అని.
"అయితే రాకపోతే నిన్నే తిడతారు"
అని రాయి మార్చి
తరవాతి చేపని తూకానికి వేసింది.

అదీ సంగతి. నేను ముగ్గురిని తూచుతూ కూర్చున్నాను
కానీ ఖాళీగా ఉన్న రెండో పళ్లెం నాది.

తొంభై సెంట్లకే సంతకం పెట్టాం.
ఈ రాత్రి గాలి.
పదకొండు వందల ముప్ఫై ఒకటి పచ్చగా,
తొమ్మిది ఎర్రగా.
ఎర్రవి దాచకుండా చూపించాడు, అంతవరకు నయం.
పచ్చవాటి మాట రేపు రేవులో తెలుస్తుంది.

ఒడెరో నాలుగు నంబర్లు తీసుకున్నాడు,
నేను ఐదు.
మొదటిదానికి రింగవుతోంది.