ఊదుగొట్టం

జహ్రాలో రెండంతస్తుల ఇల్లు.
పద్దెనిమిది మెట్లు.
పైన బాబా గది, కింద వంటింటి పక్క నాది.
ఇద్దరి రొమ్ముల్లోనూ ఒకటే పిల్లి గురక.
ఆయనది ఇంటిల్లిపాదికీ తెలుసు.
నాది నాకూ నా దిండుకూ తెలుసు.

ఆసుపత్రి ఇచ్చిన చీటీ
ఫ్రిజ్ తలుపుకు అంటించింది మామా.
అరబ్బీ నాకు చదవను రాదు.
లిజీ సిస్టరు హిందీలో చెప్పింది,
నేను తెలుగులో గుర్తు పెట్టుకున్నా:
కడుపు నిండితే ఊపిరికి చోటుండదు,
మూడు పూటల తిండి ఆరు పూటలకు పంచు.
ఉప్పు తగ్గించు, కాళ్లు ఉబ్బుతాయి.
గుడ్డు, చేప, పప్పు మానొద్దు,
ఒళ్లు తీసిపోతే ఊపిరి లాగే సత్తువా పోతాది.
తినేటపుడు మాట్లాడనీకు.
తిన్నంక వెంటనే పడుకోనీకు.

మా పక్క సంగటి ముద్దను చూసి మనిషిని లెక్కేస్తారు.
మా నాయన ముద్ద దూడ తలకాయంత.
ఇక్కడ నేను
నిమ్మకాయంత అన్నం ఒకటి,
రెండు గంటలాగి ఇంకొకటి,
గిన్నెలు తోముతున్నట్టే నిలబడి మింగుతా.
శనగలేసిన మచ్బూస్ ఎంత మిగిలినా ముట్టను,
కడుపుబ్బరమొస్తే ఆ రాత్రంతా కూర్చునే.
ఓబులేసు తెచ్చిన గోంగూర పచ్చడి
మూత తీసి, వాసన చూసి,
మళ్లీ మూత పెడతా.
వాసనకు ఉప్పుండదు కదా.

అకామా మార్చే నెలలో
ఎక్స్‌రే తీస్తారేమోనని భయం.
శుక్రవారం మాలియాలో
పెంచలయ్య చేత పీల్చే మందు కొనిపిచ్చుకుంటా.
పీల్చి, నోరు పుక్కిలించి,
చర్చికి పోయొచ్చిన మొగంతో ఇల్లు చేరతా.

గురువారం మాపటేళ
బాబా గది తలుపు మూసి
కింద బఖూర్ వెలిగిస్తాది మామా.
చుట్టాలకు అది పరిమళం.
నాకు మా మట్టి పొయ్యి,
పచ్చి తుమ్మ కంపలు, కారే కండ్లు.
ఐదో ఏటి నుంచీ ఊదుగొట్టం నా నోట్లోనే.
ఊదింది కొంత, మింగింది కొంత.
మింగినదానికి లెక్క అడుగుతాంది రొమ్ము.
బావులు మండిన ఏడు
బాబా బుర్గాన్‌లో ఉన్యాడంట.
నేను పొయ్యి కాడ ఉన్యా.

పొద్దున తొమ్మిదికి ఆయనకు ఊపిరి పాఠం.
ముక్కుతో పీల్చు, రెండంకెలు.
పెదాలు సున్న చుట్టి వదులు, నాలుగంకెలు.
కొవ్వొత్తి ఆరకూడదు, వణకాల, అంతే,
అని చేసి చూపిచ్చింది సిస్టరు.
నాకు చూపిచ్చే పని లేదు.
అది మా అమ్మ నేర్పిన మూతి.
నిప్పు రాజేసిన మూతితోనే
ఇప్పుడు పానం రాజేసుకోవాలంట.

మొన్న తోజ్ లేచింది.
ఆకాశమంతా ఇటిక పొడి.
కిటికీ సందుల్లో తడిగుడ్డలు కుక్కి,
ఏసీ జల్లెడ కడిగి,
పళ్లెం పట్టుకుని మెట్లెక్కినా.
వదులుతా ఎక్కాల, పీలుస్తా ఆగాల.
ఆ దినం దుమ్ము లెక్క తప్పిచ్చింది.
పదకొండో మెట్టు కాడ కూలబడినా.
పళ్లెంలో రెండు గుడ్లు దొర్లినాయి, పడలేదు.

పైన తలుపు తెరుచుకుంది.
ముక్కుకు గొట్టం, అది సాగినంత దూరం వచ్చి
ఆగిపోయినాడు బాబా.
నా గురక విన్యాడు. ఆయనకు తెలీని గురకా అది?
పెదాలు సున్న చుట్టినాడు.
నేనూ చుట్టినా.
వాహద్, ఇత్నేన్, అని ఆయన వేళ్లు.
ఒకటి, రెండు, అని నా లోపల.
ఎంతసేపో తెలీదు.
పప్పు చల్లారింది.

తర్వాత గుడ్డు చూపిచ్చినాడు,
నా నోరు చూపిచ్చినాడు.
"ఇంతి" అన్యాడు.
వాళ్ల మాటలో అంటే నువ్వు.
మా బళ్లో పద్యంలో అంటే ఆడమనిషి.
రెండిట్లో ఏదైనా నేనే.

మామాకు చెప్తాడో చెప్పడో.
అకామాకు ఇంకా మూడు నెలలుండాది.
గుడ్డు తిన్యా, కూర్చునే, నిదానంగా,
మాట్లాడకుండా.
ఏడు మెట్లు మిగిలినాయి.