రెండువేల నంబరు కాగితం

కుడిచేతికి నాలుగు గోళ్ళు పెంచుతున్నాను.
ఎడమచేతికి ఒక్కటీ లేదు.
చీమకుర్తి పాలిష్ షెడ్డులో
ఈ సంగతి తెలియనివాళ్ళు లేరు.
"ఏంది యోబూ, సగం పెళ్ళికూతురివా?" అంటాడు
క్రేను తిప్పే మస్తాను.

రోజంతా రాయి మీద నీళ్ళు పారుతుంటాయి.
ఆ నీళ్ళలో నాని నాని
సాయంత్రానికి గోరు
చెమ్మ తగిలిన అప్పడం.
గ్లౌజు వేసుకుంటే లోపల చెమట,
తీసేస్తే బయట బురద.
ఇంటికొచ్చి చెయ్యి తుడిచి, ఆరనిచ్చి,
గోటి మొదట్లో నువ్వులనూనె చుక్క అద్దుతాను.
గోరు పెరిగేది కొసన కాదు, మొదట్లో.
ఇది తెలియడానికి నాకు మూడు గోళ్ళు ఖర్చయ్యాయి.

కత్తెర పెట్టను.
షెడ్డులో అరిగిపోయి పారేసిన రెండువేల నంబరు కాగితం
చిన్న ముక్క జేబులో ఉంటుంది.
గెలాక్సీ పలకలో మొహం కనబడేదాకా రుద్దే కాగితమే.
ఒకే వైపుకి రుద్దాలి.
గోటి కొస తీగ మీద నుంచి
జారాలి తప్ప పట్టుకోకూడదు.
గరుకుంటే తీగ చెప్పేస్తుంది,
మేస్త్రీ కంటే ముందే.

"రాత్రిపూట గోళ్ళ పనేంది, దరిద్రం" అంటుంది సలోమి.
పగలు నాది కాదు గదా అంటాను.
పప్పన్నం గోళ్ళలో దూరుతుందని స్పూను అడిగిన రోజు
ఇంట్లో నవ్వులే నవ్వులు.
ఆవకాయ పసుపు మాత్రం బొటనగోటిని
ఆదివారం దాకా వదలదు.

మొన్న శనివారం
గ్యాసు బండ మూత లాగబోతే
ఉంగరపువేలి గోరు అడ్డంగా పోయింది.
మూడు నెలల గోరు.
మా కెజియా పింగ్‌పాంగ్ బంతిని కోసి తెచ్చింది.
ఫెవిక్విక్‌తో అంటించాం. పొద్దుటికి ఊడింది.

ప్రార్థనలో ఆ ఒక్క వేలూ వట్టి కండతో మీటాను.
మిగతా తీగలు గలగలమంటుంటే
సన్నతీగ మాత్రం
పక్కగదిలో ఎవరో మాట్లాడినట్టు.
ఎవరూ కనిపెట్టలేదు.
చెప్పుల దగ్గర నిలబడి విన్న మస్తాను ఒక్కడే
సోమవారం క్రేను మీంచి కేకేశాడు:
"సన్నతీగ పలకలా నిన్న!"

గోరంతను కొండంత చేస్తావంటుంది సలోమి.
మనూళ్ళో కొండంతను గోరంత చేస్తుంటే
ఎవరూ ఏమీ అనరే అన్నాను.
ఆమె గిన్నెలు సర్దుకుంటూ పోయింది.

కాగితం తీశాను.
కొత్త గోరు నూకంత వచ్చింది.
ఇంకా రుద్దేందుకేమీ లేదు.
ఊరికే, బొటనవేలితో తడిమి చూసి
మళ్ళీ జేబులో పెట్టుకున్నాను.