కలిపినందుకు

షట్టర్ ఎత్తంగనే రేట్ల బోర్డు తుడుస్త.
ఒక్క రంగు, నాలుగు వందలు.
రెండు రంగులు, ఆరు వందల యాభై.
మూడో వరుసల ‘కలిపిన రంగు’ అని రాసి
పక్కన ఎంతెయ్యాల్నో తెల్వక
చాక్‌పీసు పట్టుకొని అట్లనే నిలబడ్త.

నల్లగొండల, గడియారం కాడికెల్లి లోపటి గల్లీ,
టైలర్ జహంగీర్ దుకాణం మీది అర్ర.
మెట్లు ఎంత ఇరుకంటే
ఒకామె ఎక్కుతుంటే ఇంకొకామె పైన్నే ఆగాలె.

పొడి డబ్బా పన్నెండు వందలు, కోఠికి వోయి తెస్త.
లిక్విడ్ వాసనకు ఎదురింటి ముసలాయన
కిటికీ దబ్బున మూస్తడు, దినాం.
దీపం కింద చెయ్యి అరవై సెకండ్లు,
నడుమ కరెంటు పోతే మళ్ల మొదటికెల్లి.
కిరాయి, బ్రష్షు, రాకుడు కాగితం, మాస్కు
అన్ని నోట్‌బుక్కుల ఎక్కుతయి.
కలుపుడు ఒక్కటే ఏ గీతల పట్టది.

‘రెండు డబ్బాలు నీ దగ్గరున్నయే,
కలిపినందుకు గుడ పైసలా?’
అంటది బ్యాంకుల పనిజేసే మేడం.
మీ కాడ గుడ నోట్లు మావేనాయె,
లెక్కవెట్టినందుకే గద జీతం
అని నాలిక మీది దాంక వచ్చింది.
మింగి, యాభై తగ్గించిన.

మొన్న శుక్రారం, ఎండ దిగినంక,
కనగల్ దిక్కు సైదమ్మ వచ్చింది.
మార్కెట్ల బండి ఖాళీ జేసుకొని సీదా వచ్చింది,
కొంగుకు ఇంకా ఒక బత్తాయి ఆకు.
గోళ్లు సగం దాంక అరిగినయ్,
బొటనవేలుది పగిలి నల్లగైంది.
‘ఎవల పెండ్లమ్మా?’ అన్న.
‘ఎవల్ది లేదు. నాకే.’

సంచిలకెల్లి ఒక కాయ తీసి టేబుల్ మీద వెట్టింది.
‘తొడిమె కాడ పచ్చ, కిందికి పసుపు.
పచ్చ యాడ ఆగింది, పసుపు యాడ మొదలైంది
సూపెట్టు సూద్దాం.
గట్ల గావాలె. పది గోళ్లకు.’

తిప్పి తిప్పి సూసిన. దొరకలే.
మొదటి సారి కలిపితే పసిరికల రోగం.
రెండోసారికి పాచివట్టిన బకీటు.
గీకి పారేసిన, రెండుసార్ల పొడి మట్టిల గలిసింది.
మూడోసారి చిటికెడు తెలుపు,
బ్రష్షు మొనకు అంటీ అంటనంత ఇటుకరంగు,
స్పాంజి ముక్కతోని అద్దుడు, ఆగుడు, అద్దుడు.
ఆమెకు చేతులు ఊకె పెట్టుడు రాలే,
నడ్మ నడ్మ టేబుల్ మీది దుమ్ము తుడవబోయేది.
‘ఆగు’ అంటే నవ్వేది.

రెండు గంటలు.
చిటికెనవేలు కాయ పక్కన వెట్టి
కండ్లు చిన్నగ జేసి సూసింది. ఏం అనలే.
‘ఎంత?’

‘తొమ్మిది వందలు’ అన్న.
నా గొంతు నాకే ఇనవడలే.

‘ఇయ్యాల పొద్దుగాల నా కాయకు
ఆళ్లే రేటు జెప్పిన్రు.
టన్నుకు ఇంతని తరుగు దీసిన్రు.
నేను నోరు తెర్వలే.
నువ్వు చేసిన దానికి నువ్వే జెప్పాలె పిల్లా,
గట్టిగ జెప్పు.’

‘తొమ్మిది వందలు!’

‘ఆఁ. ఇగ బేరం ఆడుత, అది నా వంతు.’

ఆడింది. ఎనిమిది వందల ఇరువై కాడ తెగింది,
కాయ నాకే ఇడిసిపెట్టింది.
‘మూడు వారాలల్ల గోరు పెరుగుతది,
మొదట్ల ఖాళీ కనవడ్తది,
నింపుకోను మళ్ల రావాలె’ అన్న.
సగం మెట్లు దిగిన మనిషి ఆగింది.
కింద మిషిన్ గుడ ఆగినట్టే అనిపిచ్చింది.

ఆ కాయ ఇప్పుడు మొత్తం పసుపైంది.
నేను కలిపిన రంగు దానికి లేదు,
గిన్నెల గుడ మిగల్లే,
ఏది ఎంత ఏసిన్నో రాసుకోలే.
బోర్డు మూడో వరుస ముందల
చాక్‌పీసు పట్టుకొని నిలబడ్డ.

మెట్లల్లకెల్లి ఆమె అరుపే చెవులల్ల:
‘నింపుడుకు ఎంత?
ఇప్పుడే జెప్పు!’